పండ్లు చెప్పిన వయస్సు

1837వ సంవత్సరమున లండను దంతవైద్యుడొకడు పార్లమెంటు సభ్యులను ఉద్దేశించి ప్రకటించిన ఒక చిన్న పుస్తకమును గూర్చి తెలిసినది మొదలు నా మనస్సు దానినే చుట్టి తిరుగుచున్నది. ఎడ్విన్ సాండర్స్ అను ఆ వైద్యుడు వేయిమందికి పైబడిన బాలబాలికల నోళ్లను పరీక్షించి, మిల్లులలో పనిచేయు పిల్లల ప్రాయమును తేల్చుటకు ఎత్తుకంటె పండ్లే నమ్మదగిన సాక్ష్యమని అందు వాదించెను.

సంతలో ఎడ్లను కొనువారి ఈ విద్య మనుష్యశిశువులకేల కావలసివచ్చెను? 1833 నాటి ఫ్యాక్టరీ చట్టము, పట్టుమిల్లులు తప్ప తక్కిన బట్టల మిల్లులలో 9 ఏండ్లు నిండనివారిని చేర్చుకొనరాదనియు, 13 ఏండ్ల లోపువారిచేత దినమునకు 9 గంటలకు మించి పనిచేయింపరాదనియు శాసించి, అమలును నలుగురు ఇన్‌స్పెక్టర్లకు అప్పగించెను. కాని ఆ దేశమున జననములను ప్రభుత్వము నమోదుచేయుట 1837 జులైకి గాని ఆరంభము కాలేదు. అన్న బాప్టిజము పత్రముతో తమ్ముడు పనిలో చేరవచ్చును. బిడ్డ కూలి రానిదే పొయ్యి వెలుగని ఇండ్ల తల్లిదండ్రులు వయస్సు పెంచి చెప్పిరన్నచో వారిని నేను తప్పుపట్టజాలను; అట్లు చెప్పించిన కూలిరేట్లనే తప్పుపట్టుదును. కావున వైద్యుడు బిడ్డను ఎగాదిగా చూచి, 9 ఏండ్ల వారికుండు బలము, రూపము కలవని సంతకము చేసినచో చాలునని చట్టమే ఒప్పుకొనెను. ఆకలియు అలసటయు ఎత్తును కుదించునుగాని పండ్లరాకను అంతగా ఆపజాలవని సాండర్స్ తలంపు. 13 ఏండ్ల నోట 28 స్థిరదంతములుండవలెనని అతని లెక్క.

అంతకుముందు శతాబ్దములలో పిల్లలు పనిచేయలేదని కాదు. తల్లి రాట్నము త్రిప్పుచుండగా ప్రక్కన ఉన్ని ఏకిన బిడ్డ కూడ అలసెను. కాని ఆకలియైనప్పుడు లేచుటకు ఆ బిడ్డకు స్వేచ్ఛయుండెను. మిల్లు హరించినది దానినే. అచ్చట అతిచిన్నవారు, ముందునకు వెనుకకు కదులు యంత్రము క్రిందికి దూరి, పైన సాగు పోగులకు తల తగులకుండ నేలకు అంటుకొని ప్రాకుచు, రాలిన దూదిపీచును ఏరిరి. కొంత పెద్దవారు తెగిన కొసలను వ్రేళ్లతో నలిపి అతికిరి. యంత్రము ఆగదు గనుక వారును ఆగరాదు.

సాండర్స్ పిదప విక్టోరియా రాణికి దంతవైద్యుడై, 1883లో సర్ బిరుదమును పొందెను. అంతకు రెండేండ్ల ముందే, 1881లో, మన దేశమునకు మొదటి ఫ్యాక్టరీ చట్టము వచ్చియుండెను. అది నిషేధించినది 7 ఏండ్ల లోపువారిని మాత్రమే. ఇంగ్లండు 1833లో గీచిన 9 ఏండ్ల గీతను మన పిల్లలు 1891కి గాని చూడలేదు. నూరుగురికి తక్కువ పనివారున్న చోట్లకు 1881 చట్టము వర్తింపనే లేదు.