మీ డెంగీ రిపోర్టు ఎవరు చూస్తారు? కాప్రా వాసులు తెలుసుకోవాల్సినవి

కాప్రాలో ఉంటున్న మీకు జ్వరం వచ్చింది, పరీక్షలో డెంగీ అని తేలింది. ఇక మీ వీధికి దోమల నివారణ సిబ్బంది రావాలంటే, రికార్డులో మీ చిరునామా సరిగా ఉండాలి. ఎందుకో చూడండి.

సమాచారం ఎక్కడికి వెళ్తుంది?
కేంద్ర ఆరోగ్యశాఖ 2021 ఏప్రిల్‌లో ప్రారంభించిన ఐహెచ్‌ఐపీ పోర్టల్‌లోకి. అంతకుముందు, 2004లో మొదలైన ఐడీఎస్‌పీ కింద వారానికోసారి నివేదికలు వెళ్లేవి. ఇప్పుడు ఏ రోజు కేసులు ఆ రోజే నమోదు చేయొచ్చు.

ఎవరు నమోదు చేస్తారు?
• ఎస్ ఫారం: క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది, లక్షణాలను బట్టి
• పీ ఫారం: వైద్యులు, తాము అనుమానించిన కేసులు
• ఎల్ ఫారం: ల్యాబ్‌లు, నిర్ధారణ అయిన కేసులు

అధికారులకు ఇది ఎలా పనికొస్తుంది?
మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా మొత్తంలో ఎన్ని కేసులన్నది ఒక్కటే చాలదు. అవి ఒకే కాలనీలో పెరుగుతున్నాయా అన్నది కీలకం. ఒకేచోట జ్వరాలు ఎక్కువైతే, ల్యాబ్ ఫలితాలు రాకముందే ఎస్ ఫారంలో ఆ సూచన దొరుకుతుంది. ఏ వీధికి ముందు బృందాన్ని పంపాలో దాన్నిబట్టి నిర్ణయించవచ్చు. నిల్వ నీటిలో పెట్టిన గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఆలస్యం కూడదు.

మీరేం చేయాలి?
• ఓపీ చీటీలో ఇంటి నంబరు, కాలనీ పేరు, వాడుకలో ఉన్న ఫోన్ నంబరు రాయించండి.
• ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటే, ఇప్పుడు ఉంటున్న ఇల్లు ప్రత్యేకంగా చెప్పండి. లేదంటే కేసు ఊరి లెక్కలో పడుతుంది, మీ వీధిలో జ్వరాలే లేనట్టు కనిపిస్తుంది.
• ప్రైవేటు ల్యాబ్‌లో తేలితే, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్తకో తెలియజేయండి.