బయోగ్యాస్ సూక్ష్మజీవులు: ప్రయోగశాల పరికరాల చరిత్ర

పేడ, పంట వ్యర్థాలు, మురుగు వంటివి ఆక్సిజన్ లేనిచోట కుళ్లితే వెలువడే వాయు మిశ్రమం బయోగ్యాస్. మన పల్లెల్లో దీన్ని గోబర్ గ్యాస్ అంటారు. ఇందులో సుమారు 50 నుంచి 70 శాతం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మీథేన్‌ను పుట్టించే జీవులకు ఆక్సిజన్ విషం. అందుకే గాలిని బయట ఉంచగల పాత్రలు మెరుగుపడిన కొద్దీ వాటి గుట్టు బయటపడుతూ వచ్చింది.

1776 నవంబరులో అలెసాండ్రో వోల్టా ఇటలీలోని మాజోరే సరస్సు అంచున బురదను కర్రతో కెలికి, పైకి లేచిన బుడగలను నీళ్లు నింపి బోర్లించిన సీసాలో పట్టాడు. ఆ వాయువు మండింది. వాయువు నీటిని తోసుకుంటూ సీసాలోకి చేరే ఆ పద్ధతి కాలేజీ ల్యాబుల్లో ఇంకా ఉంది. కార్బన్ డయాక్సైడ్ కరిగిపోకుండా ఉప్పు, కాస్త ఆమ్లం కలిపిన నీళ్లు వాడతారు.

ఈ వాయువు సూక్ష్మజీవుల పనేనని 1868లో ఆంటోయిన్ బెషాంప్ చూపించాడు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి కూడా అవి మీథేన్ తయారుచేస్తాయని 1906లో సోంగెన్ నిరూపించాడు. అయితే ఒక్కో జీవిని విడదీసి పెంచడం దశాబ్దాలపాటు చాలా కష్టంగానే ఉండిపోయింది.

ఆ చిక్కు విప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్. పశువుల నెమరు పొట్టలోని జీవులను పెంచడానికి ఆయన రూపొందించిన పద్ధతి 1950లో వెలువడింది. కార్బన్ డయాక్సైడ్‌ను వేడి రాగి మీదుగా పంపితే అందులో మిగిలిన ఆక్సిజన్ కూడా పోతుంది. ఆ వాయువును పరీక్షనాళికలోకి వదులుతూనే, చల్లారితే గట్టిపడే అగర్ అనే జెల్లీని కరిగించి, అందులో సూక్ష్మజీవులను కలిపి రబ్బరు బిరడా బిగిస్తారు. నాళికను చల్లని నీటిలో దొర్లిస్తే అగర్ లోపలి గోడకు పలచని పొరగా పడుతుంది. రెసాజురిన్ అనే రంగు కలిపిన ద్రవం గులాబీగా మారిందంటే గాలి చొరబడినట్టే. ఈ రంగంలో ఇదొక పెద్ద మలుపు.

మీథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ ఉదంతం ఇందుకు సాక్ష్యం. ఆల్కహాల్‌ను మీథేన్‌గా మార్చే ఒకే జీవి అని పాతికేళ్లకు పైగా నమ్మిన ఈ కల్చర్‌లో నిజానికి రెండు జీవులున్నాయని 1967లో బ్రయాంట్ బృందం తేల్చింది. ఒకటి ఆల్కహాల్‌ను అసిటేట్‌గా మారుస్తూ హైడ్రోజన్ వదులుతుంది. ఆ హైడ్రోజన్ పేరుకుంటే దాని పని ఆగిపోతుంది. రెండోది దాన్ని వెంటవెంటనే వాడుకుని మీథేన్ చేస్తుంది. ఒకటి లేక మరొకటి సాగదు. గోబర్ గ్యాస్ తొట్టిలోనూ అంతే. కొన్ని జీవులు పిండిపదార్థాలను, కొవ్వులను విడగొడతాయి, కొన్ని ఆమ్లాలు చేస్తాయి, కొన్ని ఆ ఆమ్లాలను అసిటేట్‌గా, హైడ్రోజన్‌గా మారుస్తాయి, చివర మీథేన్ జీవులు అందుకుంటాయి. మేత ఒక్కసారిగా ఎక్కువైతే ఆమ్లం పెరిగి, మొదట దెబ్బతినేది ఈ చివరివే.

1976లో బాల్చ్, వుల్ఫ్ అల్యూమినియం మూత బిగించిన, వాయువు ఒత్తిడిని తట్టుకునే సీసాలను ప్రవేశపెట్టారు. మరుసటి ఏడు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ మీథేన్ జీవులు మామూలు బ్యాక్టీరియా కావని, వేరే శాఖ అని ప్రకటించారు. నేడు వాటిని ఆర్కియా అంటున్నాం.

ఏ వ్యర్థం ఎంత మీథేన్ ఇస్తుందో కొలిచే సీసా పరీక్షను 1979లో ఓవెన్ బృందం వివరించింది. నడుస్తున్న డైజెస్టర్ (గ్యాస్ తొట్టి) నుంచి తెచ్చిన స్లర్రీలో వ్యర్థాన్ని కలిపి, సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, వారాల తరబడి వాయువును కొలుస్తారు. పోల్చి చూడటానికి వ్యర్థం కలపని సీసా, శుద్ధ సెల్యులోజ్ వేసిన సీసా పక్కన తప్పనిసరి. గ్రాము సెల్యులోజ్ సిద్ధాంతరీత్యా 415 మిల్లీలీటర్ల మీథేన్ ఇవ్వాలి. దానికి బాగా తక్కువ వస్తే ఆ పరీక్ష అంకెలను నమ్మకూడదు.