బురదను నేలగా మార్చినవారు

కామాటిపురమను పేరులోనే మన పూర్వుల వృత్తి నిలిచియున్నది. 1784 ప్రాంతమున హార్న్‌బీ కట్ట వర్లీ గండిని మూసి సముద్రమును ఆపిన పిదప, బొంబాయి పల్లములను పూడ్చి మెరక చేసిన శ్రామికులలో నైజాము సీమనుండి వచ్చిన కామాటీలు కలరు. తడిమన్ను కొంత బరువువరకు ఘనమువలె నిలుచును. హద్దు మీరినచో ద్రవమువలె జారును. వారు చేతితో, పాదముతో ఎరిగిన ఈ గుణమునే నేడు విశ్వవిద్యాలయములు మృదుపదార్థ భౌతికశాస్త్రమని పరిశోధించుచున్నవి. ద్రవస్ఫటికములు, పాలిమర్ల వంటి మృదుపదార్థములపై కృషికి ఫ్రెంచి విద్వాంసుడు డిజెన్ 1991లో నోబెల్ బహుమతి నందెను. ఆ శాస్త్రమును నాటకముతో జోడించినచో, వానకాలమున పూర్వపు పల్లములందు నీరేల నిలుచునో చాళ్లలోని మన బిడ్డలకు కన్నులకు కట్టును. ఆ నాటకమున తొలి పాత్ర తట్ట మోసిన కామాటిదే కావలెనని మేము కోరుచున్నాము.