దొంగ ఎవరు? – శాంటా క్రూజ్ నీటికుక్క కథ

బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి శాంటా క్రూజ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని హైవే 17 ఎక్కితే గంటలో సముద్రం. పక్కనే న్యూ బ్రైటన్ బీచ్‌లో గుడారం వేసుకోవచ్చు, ఓపికుంటే సర్ఫింగ్ నేర్చుకోవచ్చు, అదృష్టముంటే సీ ఆటర్లు కనిపిస్తాయి. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీటికుక్క అంటామే, దానికి ఇది సముద్రపు చుట్టం.

2023 వేసవిలో ఇక్కడి ఆడ ఆటర్ ఒకటి సర్ఫర్ల బోర్డులెక్కి కూర్చుని, కొరికి ముక్కలు పీకేసి వార్తల్లోకెక్కింది. 841 అన్నది దాని ట్యాగ్ నంబరు. అందరూ ముద్దుగా "బోర్డుల దొంగ" అన్నారు. సరే, దొంగే అనుకుందాం. కానీ బగ్ ఎక్కడుందో తెలియాలంటే లాగ్స్ మొదటినుంచీ చదవాలి కదా :)

ఇక్కడ సర్ఫింగ్ 1885లో మొదలైంది. శాన్ మటేయోలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు రెడ్‌వుడ్ చెక్కతో బోర్డులు చేయించుకుని, శాన్ లోరెంజో నది సముద్రంలో కలిసే చోట అలలెక్కారు. అమెరికా ప్రధాన భూభాగంలో సర్ఫింగ్‌కి దొరికిన తొలి ఆధారం అదే. కానీ ఈ నీళ్ళు వైజాగ్ నీళ్ళు కావు, ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికేస్తాయి. 1950ల మొదట్లో బర్కిలీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నేవీ ఈతగాళ్ళ కోసం నియోప్రీన్ వెట్‌సూట్ తయారుచేశాడు. దాన్ని సర్ఫర్లకి అలవాటు చేసినవాళ్ళలో ముఖ్యుడు జాక్ ఓనీల్. ఆయన 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టి, 1959లో శాంటా క్రూజ్‌కి మారాడు.

మనిషి 1950ల్లో కనిపెట్టిన ఈ కోటు ఆటర్‌కి పుట్టుకతోనే ఉంది. తిమింగలాలకీ సీల్స్‌కీ ఉండే కొవ్వు పొర దీనికి లేదు. చలికి అడ్డు బొచ్చు ఒక్కటే. ఒక్క చదరపు అంగుళంలో దాదాపు పది లక్షల వెంట్రుకలు! ఆ బొచ్చే దాని ప్రాణం మీదకి తెచ్చింది. 18, 19 శతాబ్దాల్లో రష్యన్, అమెరికన్, ఇంకా ఇతర దేశాల వ్యాపారులు చర్మాల కోసం వేలకి వేలు వేటాడించారు. 1911లో అమెరికా, రష్యా, జపాన్, బ్రిటన్ కలిసి ఒప్పందం చేసుకుని వేట ఆపేసరికి కాలిఫోర్నియాలో ఇవి అంతరించాయనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ దగ్గర బిక్స్‌బీ క్రీక్‌లో ఓ యాభై కనిపించాయి. ఈనాడు ఈ తీరంలో ఉన్న సుమారు మూడు వేలూ ఆ మిగిలిన కొద్దిపాటి వాటి సంతానమే.

ఇప్పుడు 841 దగ్గరకొద్దాం. దాని తల్లి అనాథ పిల్ల. మనుషులు పెంచి సముద్రంలో వదిలారు. ఎవరో సరదాకి స్క్విడ్ ముక్కలు పెట్టారు, దాంతో అది మనుషుల దగ్గరకి రావడం మొదలుపెట్టింది. పట్టి తెచ్చి చూస్తే కడుపుతో ఉంది. అలా 841 శాంటా క్రూజ్ ల్యాబ్‌లోనే పుట్టింది. మనుషులు అలవాటు కాకూడదని దాన్ని చూసుకునేవాళ్ళు మాస్కులు, పొడుగాటి అంగీలు తొడుక్కుని మరీ పెంచారు. అయినా పెద్దయ్యాక బోర్డులెక్కింది. 2023 జులైలో పట్టుకోవడానికి వలలతో వెళ్ళారు. దొరికితే జీవితాంతం అద్దాల తొట్టిలోనే! అది దొరకలేదు. అక్టోబరుకి పొట్టమీద పిల్లనేసుకుని ఈదుతూ కనిపించింది.

మొదట కోటు లాక్కుంది మనం. తర్వాత జాలిపడి కాపాడిందీ మనమే, తిండి పెట్టి చెడగొట్టిందీ మనమే. కోటు కోసం చంపినవాడికి దాని మీద కోపం లేదు, స్క్విడ్ పెట్టినవాడికీ లేదు. మన ప్రేమకైనా, ఆశకైనా మూల్యం చెల్లించేది మాత్రం అదే.

అందుకని ఈసారి అక్కడ క్యాంపింగ్‌కి వెళ్తే పులిహోర మీరే తినండి. ఆటర్‌కి కనీసం 60 అడుగుల దూరంలో ఉండండి. ఫోటో కాస్త మసగ్గా వస్తుంది, అంతేగా?