డబ్బు ఎవరిది, దావా ఎవరిమీద?

విశ్వవిద్యాలయాల్లో భావప్రకటన స్వేచ్ఛ కోసం పనిచేసే సంస్థల మాట రాగానే, వాటి వెనక ఎవరున్నారని అడుగుతాం. అడగాల్సిందే. అయితే విరాళాల జాబితా దగ్గరే ఆగిపోతే సగం సాక్ష్యమే చూసినట్టవుతుంది.

అమెరికాలోని ‘ఫైర్’ సంగతి చూద్దాం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ చరిత్రాచార్యుడు అలన్ చార్లెస్ కోర్స్, బోస్టన్ న్యాయవాది హార్వీ సిల్వర్‌గ్లేట్ కలిసి 1999లో దాన్ని స్థాపించారు. క్యాంపస్‌లలో మాటల మీద పెట్టే ఆంక్షలను అంతకు ముందు ఏడాదే ఒక పుస్తకంలో ఇద్దరూ ఎండగట్టారు. సిల్వర్‌గ్లేట్ పౌరహక్కుల సంఘాల్లో పనిచేసిన మనిషి. డబ్బు మాత్రం చాలావరకు మరో దిక్కు నుంచి వచ్చింది. బ్రాడ్లీ ఫౌండేషన్, కోక్ కుటుంబ సంస్థల వంటి సంప్రదాయవాద, స్వేచ్ఛావిపణి దాతలు దానికి అండగా నిలిచారు. ఈ సమస్యను ఎవరు ముఖ్యమనుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. సంస్థ వాళ్ల చెప్పుచేతల్లో ఉందా లేదా అన్నది తేల్చాలంటే, ఆ దాతలకు దగ్గరి పక్షం అధికారంలో ఉన్నప్పుడు అది ఎవరిమీద కోర్టుకెక్కిందో చూడాలి.

ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నర్ డిశాంటిస్ 2022లో తెచ్చిన ‘స్టాప్ వోక్’ చట్టం జాతి, లింగ వివక్షల గురించి ఆచార్యులు ఏం బోధించవచ్చో నిర్దేశించింది. ఫైర్ దానిమీద దావా వేసింది. అదే ఏడాది నవంబరులో ఫెడరల్ న్యాయమూర్తి మార్క్ వాకర్, విశ్వవిద్యాలయాలకు వర్తించే భాగాన్ని నిలిపివేశారు.

హార్వర్డ్ ఉదంతం ఇంకా చిక్కైనది. 2023 సెప్టెంబరులో ఫైర్ ప్రకటించిన భావప్రకటన స్వేచ్ఛ ర్యాంకుల్లో హార్వర్డ్‌ది ఆఖరి స్థానం, మార్కులు సున్నా. ఆ ర్యాంకుల్లో విద్యార్థుల అభిప్రాయ సేకరణకు పెద్ద వాటా ఉంది. నోరు విప్పడానికి విద్యార్థులు ఎంత జంకుతున్నారో అది చెప్పగలదు కానీ, ఒక్క అంకెతో విశ్వవిద్యాలయాన్ని తూచలేదు. అయినా హార్వర్డ్‌ను తప్పుపట్టేవాళ్లకు ఆ సున్నా చాలింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం ప్రవేశాల్లో, నియామకాల్లో జోక్యానికి దిగి, హార్వర్డ్ ఒప్పుకోకపోయేసరికి 220 కోట్ల డాలర్ల నిధులు స్తంభింపజేసింది. అప్పుడు ఆ ఒత్తిడి రాజ్యాంగవిరుద్ధమని గట్టిగా వాదించిన వారిలో ఫైర్ కూడా ఉంది. అందుకే స్వతంత్రత వేరు, ప్రభావం వేరు అంటున్నాను. సంస్థ ఎవరికీ లొంగకపోవచ్చు, దాని లెక్కలు మాత్రం ఒక పక్షానికే ఎక్కువగా ఉపయోగపడవచ్చు.

బ్రిటన్‌లో పార్టీతో బంధం బాహాటంగానే కనిపిస్తుంది. టోబీ యంగ్ 2020లో ‘ఫ్రీ స్పీచ్ యూనియన్’ స్థాపించారు. 2024 డిసెంబరులో కన్జర్వేటివ్ నాయకత్వం ఆయన్ను ప్రభువుల సభకు పంపింది. ఆ పార్టీ ప్రభుత్వం 2023లో తెచ్చిన విశ్వవిద్యాలయాల వాక్ స్వాతంత్ర్య చట్టాన్ని లేబర్ ప్రభుత్వం మరుసటి ఏడాది నిలిపివేస్తే, యూనియన్ కోర్టుకు వెళ్లింది. కొన్ని మార్పులతో ముఖ్య నిబంధనలు 2025 ఆగస్టు 1న అమల్లోకి వచ్చాయి. అసలు సమస్య ఎంత పెద్దది? ఇంగ్లండ్ ఉన్నత విద్యా నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2017-18లో బయటి వక్తల కార్యక్రమాలకు 62,094 అభ్యర్థనలు వస్తే నిరాకరించినవి 53. అసలు పిలవడానికే వెనుకాడిన వక్తలు గానీ, తన అభిప్రాయాల మీద రేగిన నిరసనల మధ్య 2021లో ససెక్స్ విశ్వవిద్యాలయాన్ని వదిలిన ఆచార్యురాలు కాథలీన్ స్టాక్ వంటివారు గానీ ఈ లెక్కలోకి రారు. ఆ అంకెను చూపి సమస్యే లేదనడం తొందరపాటు. స్టాక్ ఒక్కరి ఉదంతాన్ని చూపి అన్నిచోట్లా ఇంతే అనడమూ తొందరపాటే.

పిల్లల్ని అమెరికా పంపిన తెలుగు ఇళ్లకు దగ్గరగా వచ్చే కేసు మరొకటుంది. మాట్లాడినందుకు విదేశీయుల వీసాలు రద్దుచేసి దేశం నుంచి పంపేసే అధికారాన్ని ప్రశ్నిస్తూ, 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి పత్రిక తరఫున ఫైర్ విదేశాంగ మంత్రి రూబియో మీద దావా వేసింది. వీసా మీద చదువుకుంటున్న రచయితలు గాజా గురించి రాయడానికి భయపడి, అప్పగించిన వార్తల నుంచి తప్పుకుంటున్నారని ఆ పత్రిక కోర్టుకు చెప్పుకుంది.