మూటయు మరుగును

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. అందు కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లలు మూటకట్టుట, మరుగుపఱచుట అను రెండు సూత్రములను నేర్తురు. ఇవి రెండును ఒక్కటియే యని తలఁచువారు కలరు. చరిత్ర యట్లు చెప్పదు.

నార్వే దేశపు ఓస్లో నగరమున డాల్, నీగార్డ్ అను పండితులు కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చు ‘సిములా’ యను భాషను కల్పించిరి. 1967 నాఁటి సిములాలో అంకెలను, వానిపై జరుపు పనులను ఒక్క మూటగాఁ గట్టిరి. మూటకు ముడి యున్నది కాని తాళము లేదు. బైటి ఆజ్ఞ ఏదైనను లోని అంకెను తిన్నగా మార్చవచ్చును. 1972లో డేవిడ్ పార్నాస్, మారఁదగిన నిర్ణయమును ప్రతిభాగమును తనలోనే మరుగుపఱచుకొనవలెనని వాదించెను. పిమ్మటి భాషలు పెక్కింటిలో ‘ప్రైవేటు’ అను మాటయే తాళమయ్యెను.

ఈ మరుగు మోసము కాదు. ఏలూరు కాలువ క్రింది రైతు నీటికై లస్కరు నడుగవలెను గాని తానే తూము తలుపెత్తరాదు. ఎత్తెనా, దిగువ చేలెండును. తలుపు కొయ్యదైనను ఇనుపదైనను అడుగు తీరు మారదు.

సహకార సంఘపు లెక్కలో మీ నిలువయు నట్టిదే. జమ, ఖర్చు అను ద్వారముల గుండనే అది మారవలెను. అడ్డదారిని అంకె దిద్దినచో తప్పెచటనో తేలదు. ఇది దొంగలకు వేసిన తాళము కాదు. ఆజ్ఞలు వ్రాయువారి తొందరపాటునకు వేసిన కట్టు.

మూట సౌకర్యము, మరుగు పూచీ. మీ మనుమలు సెలవులకు వచ్చినపుడు, తాళము వేయుట నేర్చితిరా యని యడుగుఁడు.