మొహం అమ్మని బొమ్మలు

జపాన్ చెక్కముద్ర అనగానే మనకి హొకుసాయ్ కెరటం గుర్తొస్తుంది. ఆ తర్వాత, కనుగుడ్లు మూలకి తిప్పి బిగుసుకుపోయిన కబుకి నటుల మొహాలు. ఎడో కాలంలో అవి ఒకరకంగా సినిమా పోస్టర్లే. ఫలానా నటుడు, ఫలానా వేషం. జనం కొన్నది ఆ మొహాన్ని.

నో నాటకంలో అమ్మడానికి ఆ మొహమే లేదు. ప్రధాన పాత్రధారి చాలావరకు మాస్కు వెనక ఉంటాడు. పైగా అది షోగన్లూ సమురాయ్‌లూ పోషించిన కళ, మామూలు జనానికి చూసే వీలు తక్కువ. 1868లో షోగన్ల పాలన పోయింది, దాంతోపాటు నటుల భృతీ పోయింది. చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. ఉమెవాక మినోరు లాంటి కొద్దిమంది పట్టు వదల్లేదు. 1876లో ఇవాకురా తొమొమి తన ఇంట్లో చక్రవర్తి ముందు ప్రదర్శన పెట్టించాక నో మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

సుకియోక కోగ్యో పుట్టింది 1869లో. వాళ్ళమ్మ చిత్రకారుడు యొషితొషిని పెళ్ళి చేసుకోవడంతో కుర్రాడికి ఇంట్లోనే గురువు దొరికాడు. తర్వాత ఒగత గెక్కో దగ్గరా నేర్చుకున్నాడు. 1897 నుంచి 1902 దాకా 'నోగకు జుయె' పేరుతో 261 బొమ్మలు వేశాడు. అప్పటికి ఫొటోలూ లితోగ్రాఫులూ వచ్చి చెక్కముద్రల బేరం కూడా పడిపోతోంది. మునుగుతున్న ఒక కళ చెయ్యిని మునుగుతున్న ఇంకో కళ పట్టుకుందన్నమాట!

వీటిని నో ప్రదర్శనల రికార్డుగా మాత్రమే చూసేవాళ్ళున్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. వేదిక మీద నటుడు మాస్కుని కాస్త పైకెత్తితే మొహం వెలిగినట్టుంటుంది, దించితే మబ్బు కమ్మినట్టుంటుంది. ఆ రెండిటికీ వాళ్ళ పరిభాషలో పేర్లు కూడా ఇవే: వెలిగించడం, మబ్బు కమ్మించడం. కాగితం మీద తల కదలదు కదా. ఏ వాలు దగ్గర ఆపాలో చిత్రకారుడే తేల్చుకోవాలి. కోగ్యో చాలాసార్లు మనిషిని పక్కనుంచో వెనకనుంచో చూపిస్తాడు, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలేస్తాడు. వేషం మీది జరీ పనికి మాత్రం లోహపు రంగులు వాడతారు, రంగు లేకుండా ఉబ్బెత్తు అచ్చులు వేస్తారు. బొమ్మని కాస్త పక్కకి వంచి చూస్తేగానీ ఆ అచ్చు సరిగ్గా తెలీదు.

ఆయన వేసిన నాటకాల్లో 'అఓయి నో ఉఎ' ఒకటి. అఓయి జబ్బుతో పడుకుని ఉంటుంది, కానీ ఆ పాత్ర వేసే మనిషే ఉండడు. వేదిక ముందు పరిచిన ఒక కిమోనోయే అఓయి. దాని మీదికి వచ్చేది, అసూయతో రగిలిపోతున్న రొకుజో ఆత్మ. రెండో సగంలో ఆమెకి కొమ్ములున్న హన్నియ మాస్కు. ఈ నాటకాన్ని బొమ్మగా వెయ్యడానికి ఖాళీని నమ్మే చెయ్యి కావాలి.

కోగ్యో బొమ్మల మీద సాధారణంగా నాటకం పేరే ఉంటుంది, నటుడి పేరు ఉండదు. 1922లో మొదలుపెట్టిన 'నోగకు హ్యకుబన్' పేరుకి నూరు నాటకాలు, బొమ్మలు 120. 1927లో ఆయన పోయేసరికి ఇంకో వరస సగంలో ఉంది. దాన్ని కూతురు గ్యొకుసెయ్ 1930కల్లా పూర్తి చేసింది.